ఏడో నంబరు లాంచీకి మూత్ర పరీక్ష

రేవు దగ్గరి ఇల్లు
ఫిబ్రవరి 9

పిచ్చుకా,

ఎదురుగా మాట్లాడితే నాకు అన్నీ వినిపిస్తాయి, ఫోనులోనే వచ్చింది చిక్కు. ముప్ఫై ఏళ్లు ఇంజను మీద నిలబడిన చెవులు ఇవి. మొన్న నువ్వు "గది మారాను" అన్నావట. నేను "పని మానాను" అని విని మీ పిన్నిని హడలగొట్టేశాను. ఆవిడ అన్నం మానేసినంత పనిచేసింది. అందుకని ఉత్తరమే నయం. అక్షరాలు గొణగవు.

సంగతేమిటంటే, నీ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఇన్నాళ్లూ మీ పిన్ని "ఏవో పరీక్షలు చేస్తుంది" అని దాటేసేది. పక్కింటావిడ గుచ్చి గుచ్చి అడిగితే ఒకసారి "మందుల కంపెనీలో పెద్ద ఆఫీసరు" అని కూడా కోసింది. మా అన్నయ్య కూతురు పగలంతా ఎవరెవరివో మూత్రం సీసాలు ముందేసుకుని కూర్చుంటుందని చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు. ఇప్పుడు ఆ బాధ తీరిపోయింది. నిన్న లాంచీల ఆఫీసు గోడకి కాగితం అంటించారు. సరంగుల దగ్గర్నించి తాళ్లు కట్టేవాళ్ల దాకా అందరూ పిలిచినప్పుడు వంతులవారీగా సీసాలో పోసి ఇవ్వాలట. గంజాయి పొగ తాగేవాళ్లని పట్టుకుంటారట. సీసాలు వెళ్లేది మీ లేబొరేటరీకే. మీ పిన్ని రేవంతా చాటింపు వేసేసింది: "మా పిల్ల చూస్తుంది, జాగ్రత్త."

ఎక్కడో ఏదో లాంచీ జెట్టీకి రాసుకుందట, అందుకని ఈ హడావుడి. పది లాంచీల్లో ఒకటి గీసుకుంటే నూట ఇరవై మంది ఒంటికి వెళ్లి చూపించాలా? నేను చుక్కాని పట్టేది చేతులతో కదా.

అసలు మీరు ఆ సీసాలో ఏం చూస్తారో కాస్త రాయి. రేవులో అందరూ నన్నే అడుగుతున్నారు. తెలియదంటే నా పరువేం కాను.

నీ బాబాయ్

—

లేబొరేటరీ, రెండో అంతస్తు
ఫిబ్రవరి 16

బాబాయ్,

ఉత్తరం మధ్యాహ్నం టీ వేళకి చదివాను. నవ్వుకి టీ పొలమారింది. మా మేడం కళ్లద్దాల మీదుగా చూశారు. ఆవిడ అలా చూస్తే సీసాల్లో ఉన్నది కూడా గడ్డకడుతుంది.

నీ పరువు కోసం చెబుతున్నాను, రేవులో ఇలా చెప్పు. పొగ ఊపిరితిత్తుల్లోకి వెళ్లి రెండు నిమిషాల్లో తలకెక్కుతుంది, రెండు మూడు గంటల్లో దిగిపోతుంది. తాగినవాడు అయిపోయింది అనుకుంటాడు. కానీ అది ఒంట్లో కొవ్వులో దూరి కూర్చుంటుంది. అక్కడినుంచి రోజూ కొంచెం కొంచెం కారుతుంది. కాలేయం దాన్ని వేరే రూపంలోకి మార్చి మూత్రంలోకి తోస్తుంది. మేం వెతికేది ఆ మారిన రూపాన్ని. ఎంత వెతుకుతామంటే, పదివేల లీటర్ల నీళ్ల ట్యాంకరులో ఎవరో చిటికెడు ఉప్పు వేశారనుకో, మేం ఆ ఉప్పుని పట్టుకుంటాం. అంతకన్నా తక్కువైతే లేనట్టే లెక్క. దాన్ని మేం గీత అంటాం. గీత పైన, గీత కింద.

పరీక్షలు రెండు. మొదటిది మీ రేవులోనే, సీసాలో ముంచే పట్టీ. అది తొందరపాటు మనిషి లాంటిది, ఎవరో తెలిసిన ముఖంలా కనిపిస్తే చాలు "వాడే" అంటుంది. రెండోది మా మేడం గదిలో ఉన్న పెద్ద మిషను. అది ఒక్కొక్క పదార్థాన్నీ విడదీసి, తూకం వేసి, వేలిముద్ర చూసినట్టు చూసి అప్పుడు చెబుతుంది. రెండోది చెప్పేదాకా ఎవరూ దోషి కాదు. ఇది రేవులో గట్టిగా చెప్పు.

ఇంకోటి, సీసాల మీద పేర్లుండవు, అంకెలే. ఎవరిది ఏదో మాకు తెలియదు. పిన్నిని చాటింపు ఆపమను. ఫారంలో నువ్వు వేసుకునే మాత్రలన్నీ తప్పకుండా రాయి, చిన్నదైనా సరే.

నీ పిచ్చుక

—

రేవు దగ్గరి ఇల్లు
మార్చి 1

పిచ్చుకా,

నీ ఉత్తరం టీ కొట్టు దగ్గర పైకి చదివాను. తొందరపాటు మనిషి మాట అందరికీ నచ్చింది. టికెట్ల గుమాస్తాకి ఆ పేరే ఖాయం చేశారు.

నలుగురూ నాలుగు సందేహాలు అడిగారు. ఊరికే తెలుసుకుందామని రాస్తున్నాను. రోజూ తాగేవాడు ఆపేస్తే ఎన్నాళ్లకి గీత కిందికి వస్తాడు? పది రోజులు చాలా? బిందెడు నీళ్లు తాగితే పలచబడి పోతుందని ఒకాయన అన్నాడు, నిజమేనా? పక్కవాడు తాగుతుంటే పీల్చినవాడికి కూడా వస్తుందా? ఇంకొకటి, ఇచ్చిన సీసా వెచ్చగా ఉందో లేదో చూస్తారట కదా, ఎంత వెచ్చగా ఉండాలి? జేబులో పెట్టుకుంటే ఆ వేడి సరిపోతుందా?

ఇవేవీ నాకోసం కాదు. లోకజ్ఞానం.

పిన్ని నీకు స్వెటరు అల్లుతోంది. ఒక చెయ్యి పొడుగైంది. నీ చెయ్యే అలా ఉంటుందని వాదిస్తోంది.

నీ బాబాయ్

—

లేబొరేటరీ, రెండో అంతస్తు
మార్చి 8

బాబాయ్ గారికి,

మీ ఉత్తరం అందింది.

రోజూ తాగేవాళ్లకి నెల పట్టవచ్చు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నీళ్లు తాగితే మూత్రం మరీ పలచబడిందని మాకు తెలిసిపోతుంది, ఆ సీసా చెల్లదు. కిటికీలు మూసిన గదిలో కళ్లు మండేంత పొగలో గంటసేపు కూర్చుంటే తప్ప పక్కవాడికి గీత దాటదు. చివరి ప్రశ్నకి నేను జవాబు రాయను. ఎందుకు రాయనో మీకు తెలుసు.

మీ ఉత్తరం చదివాక మా మేడం దగ్గరకి వెళ్లి, మా బాబాయ్ ఆ లాంచీల కంపెనీలో సరంగు అని చెప్పాను. ఇకమీదట మీ రేవునుంచి వచ్చే సీసాలు నా బల్ల మీదికి రావు. ఆ పని నేనే అడిగి చేయించుకున్నాను.

ఒక్క మాట అడుగుతాను. మీరు తాగుతున్నారా?

మీ అన్నగారి అమ్మాయి

—

రేవు దగ్గరి ఇల్లు
మార్చి 15

పిచ్చుకా,

"మీరు" అన్నావు. "గారు" తగిలించావు. కిందన పేరు కూడా మార్చేశావు. నాలుగేళ్లు నా ఇంట్లో ఉండి చదువుకుని, నా చెప్పులేసుకుని కాలేజీకి వెళ్లిన పిల్లవి. ఆ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి మీ పిన్ని లాక్కుని చదివి, నావైపు చూసింది. ఆవిడ అడగలేదు. నువ్వు అడిగావు. అడగని చూపే ఎక్కువ కాల్చింది.

నేను తాగను. బీడీ కూడా తాగనని నీకు తెలుసు. నా సీసాలు నీ బల్ల మీదికి రాకుండా చేశావంటే, నన్ను దొంగని చేసి నువ్వు దూరంగా జరిగావా అనిపించింది. రెండు రోజులు కోపంగా ఉన్నాను. తర్వాత ఆలోచిస్తే, నేను నీ చేత దొంగపని చేయించబోయి, నువ్వు జరిగావని అలిగాను. ఇదెక్కడి న్యాయం.

అసలు సంగతి చెబుతాను. తాగేది మా ఇంజను మేస్త్రి. నువ్వు చూశావు, నీ సైకిలు గొలుసు ఎన్నిసార్లు వేసిచ్చాడో. రెండేళ్ల కిందట ఇంజను చక్రం ఎత్తబోయి నడుం పట్టేసింది. నిద్ర లేదు, కూర్చోలేడు, పడుకోలేడు. ఎవడో ఒకడు పొగ అలవాటు చేశాడు. మొదట వారానికోసారి, తర్వాత రోజూ. కిందనించి వాసన వస్తే డీజిలు వాసన అనుకున్నాను. అంటే, అనుకోవాలనుకున్నాను.

కాగితం అంటించిన సాయంత్రం నా దగ్గరకి వచ్చి, "నీది ఒక సీసా ఇస్తావా?" అన్నాడు. ఇరవై రెండేళ్లు ఒకే కంచంలో తిన్నవాళ్లం. ఈ మనిషి నన్ను అడిగిన మొదటి వస్తువు అదే. వస్తువు కూడా కాదు, పారబోసుకునేది. సరే అన్నాను. ఇవ్వనని ఎలా అంటాను?

వాడికి పెళ్లికావలసిన పిల్లలు ఏం లేరు, ముసలి తల్లి ఒక్కతే. కానీ ఆ ఇంజను లేకపోతే వాడు బతకడు. దానితో మాట్లాడతాడు. నాతోకన్నా ఎక్కువ.

ఇప్పుడు చెప్పు, నేనేం చేయాలి.

నీ బాబాయ్ (గారు లేదు)

—

మేడ మీద గది
మార్చి 21

బాబాయ్,

మూడు కాగితాలు చింపి, నాలుగోదాని మీద "గారు" రాశాను. క్షమించు. కానీ మళ్లీ అలాంటి ఉత్తరం వస్తే మళ్లీ అలాగే రాస్తాను.

ఇవ్వకు. ఒకటి, పట్టుబడతారు. సీసా ఇచ్చిన వెంటనే వేడి చూస్తారు, జేబులో దాచినవాళ్లు ఇంతవరకు నాకు తెలిసి ఎవరూ గట్టెక్కలేదు. పట్టుబడితే ఇద్దరూ ఇంటికి. రెండోది అసలైనది. ఆయన నడుం నొప్పి అలాగే ఉంటుంది, పొగ అలాగే ఉంటుంది, నువ్వు పైనించి ఇంజను తిప్పమని గంట కొడితే కింద ఆయన అలాగే ఉంటాడు.

బాబాయ్, నేను మేడంతో నీ సంగతి చెప్పినప్పుడు ఆవిడ ఒప్పందం ఫైలు తీసి, కంపెనీ ఈ పరీక్షలు ఎందుకు పెట్టిందో పైకి చదివారు. "జనవరి ఇరవై ఏడున ఏడో నంబరు లాంచీ జెట్టీని ఢీకొన్నందున." ఎక్కడో ఏదో లాంచీ అన్నావు. ఏడో నంబరు నీదే కదా.

నువ్వు చెప్పకపోతే నేను అడగను. కానీ ఆ ఫైల్లోనే ఇంకొక కాగితం ఉంది, మీ ఆఫీసు గోడ మీద కూడా ఉండే ఉంటుంది, చిన్న అక్షరాల్లో, ఎవరూ చదవని చోట. తొమ్మిదో నిబంధన. పరీక్షకి పిలవకముందే తనంతట తాను వచ్చి చెప్పుకున్నవాణ్ణి ఉద్యోగంనుంచి తీసేయకూడదు. చికిత్సకి పంపాలి, ఒడ్డు మీద పని ఇవ్వాలి, వారం వారం పరీక్ష చేయాలి. గీత కిందికి దిగి నాలుగు వారాలు నిలబడితే తిరిగి లాంచీ ఎక్కించాలి. పిలిచాక చెప్పినా, మోసం చేసినా ఇది వర్తించదు.

మేస్త్రి మామయ్యకి నిద్రపట్టని నొప్పికి డాక్టర్లున్నారు. నా సైకిలు బాగుచేసిన మనిషికి ఆ మాట చెప్పేవాళ్లు లేకుండా పోయారా?

నీ పిచ్చుక

—

రేవు దగ్గరి ఇల్లు
ఏప్రిల్ 3

పిచ్చుకా,

ముందు జనవరి ఇరవై ఏడు సంగతి. పొద్దున ఎనిమిదింటి పడవ. ఎనభై మంది ఉన్నారు. జెట్టీ దగ్గరకొచ్చి వెనక్కి అని గంట కొట్టాను. ఎప్పుడూ నా చెయ్యి తాడు వదిలేలోపు ఇంజను వెనక్కి తిరిగేది. ఆ రోజు తిరగలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టాను. అయిదుకి తిరిగింది. అప్పటికే ఆలస్యం. జెట్టీ మూల విరిగింది, ఒక ఉల్లిపాయల బస్తా, ఒక సైకిలు నీళ్లలో పడ్డాయి. మనుషులెవరూ పడలేదు. ఒక ముసలాయన నిలబడ్డవాడు కూర్చున్నాడు, అంతే. కూర్చుని, "దిగే చోటు వచ్చిందా?" అని అడిగాడు.

మేనేజరు అడిగితే, నీటివాలు తప్పుగా అంచనా వేశానని చెప్పాను. ముప్ఫై ఏళ్లలో నా పేరు మీద పడ్డ మొదటి తప్పు. నాది కాదు. నీకు కూడా చెప్పలేదు, సిగ్గేసింది. చేయని తప్పుకి సిగ్గేంటని అడగకు. వేస్తుంది.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు పొద్దున ఇంజను స్టార్టు చేయకముందే కిందికి దిగాను. నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"సీసా ఇవ్వను," అన్నాను.

"మాటిచ్చావు."

"ఇచ్చాను. వెనక్కి తీసుకుంటున్నాను."

"ఇరవై రెండేళ్లు," అన్నాడు.

"అందుకే."

తొమ్మిదో నిబంధన కాగితం చదివి వినిపించాను. వినలేదు. ఇంజను మీద చెయ్యేసి నిలబడ్డాడు. "నేను వెళ్లి చెప్పకపోతే ఏం చేస్తావ్, నువ్వే చెబుతావా?" అన్నాడు.

"నేను చెప్పను. కానీ చుక్కాని పట్టను. ఈ పడవ కదలదు. పైన వరసలో అరవై మంది ఉన్నారు, వాళ్లకి కారణం నువ్వే చెప్పుకో."

నూనె గుడ్డ మడిచి ఇంజను మీద పెట్టాడు. తర్వాత చొక్కా తొడుక్కుని నిచ్చెన ఎక్కాడు. నేను వెనకాలే నడిచాను. ఆఫీసు మెట్ల దగ్గర వెనక్కి తిరిగి "నువ్వు రాకు" అన్నాడు. మెట్ల కిందే నిలబడ్డాను. అరగంటకి బయటికొచ్చి నా పక్కనించే వెళ్లిపోయాడు, నేనొక దీపస్తంభం అన్నట్టు.

ఇప్పుడు వాణ్ణి సామాను గోదాములో వేశారు. ఆసుపత్రివాళ్లు నడుంకి వ్యాయామాలు, మందులు ఇస్తున్నారట. నాతో మాట్లాడటం లేదు. జెట్టీ సంగతి మాత్రం నేను ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు. అది అక్కడే ఉండనీ.

కొత్త ఇంజను మనిషి మంచివాడే. గంట కొట్టిన ప్రతిసారీ "విన్నానండీ" అని కిందనించి అరుస్తాడు. రోజుకి రెండువందలసార్లు. ప్రయాణికులు కూడా అరవడం నేర్చుకున్నారు.

బాబాయ్

—

మేడ మీద గది
ఏప్రిల్ 11

బాబాయ్,

ఈ ఉత్తరం చిన్నది. మెట్ల కింద నిలబడ్డావు చూడు, అక్కడ ఆగిపోయాను.

మాట్లాడతాడులే. ఇరవై రెండేళ్ల మనిషి ఎక్కడికి పోతాడు.

నీ పరీక్ష ఎప్పుడు? ధైర్యంగా వెళ్లు. ఒంటికి రాకపోతే కుళాయి చప్పుడు తలుచుకో. స్వెటరు అందింది. ఎడమ చెయ్యి మోకాలిదాకా వచ్చింది. వేసుకునే ఉన్నాను.

నీ పిచ్చుక

—

రేవు దగ్గరి ఇల్లు
మే 6

పిచ్చుకా,

నిన్న అయింది నా పరీక్ష. వివరంగా రాస్తాను.

దొడ్డిగదిలో కుళాయి కట్టేశారు. తొట్టిలో నీళ్లు నీలంగా ఉన్నాయి, సిరా పోసినట్టు. ఎవరూ ఆ నీళ్లు సీసాలో కలపకుండా అట. నీలం చూసేసరికి నాకు నది గుర్తొచ్చింది, నది గుర్తొస్తే ఒంటికి రాలేదు. సీసాలు పట్టే మనిషి తలుపు ఓరగా తీసి నిలబడి, "నిదానంగా కానివ్వండి" అంటాడు. అలా అంటే ఇంకా రాదు. మూడు గ్లాసుల నీళ్లు, గంటన్నర. వరసలో నా వెనకాల తొమ్మిది మంది. "ఏమయ్యా, రేవు దాటిస్తున్నావా ఏంటి?" అని కేకలు.

చివరికి అయింది. సీసా వెచ్చగా ఉంది, గర్వంగా ఇచ్చాను. పట్టీ ముంచాడు. ఒక గీత వచ్చింది. బాగుందనుకున్నాను. ఆ మనిషి ముఖం మారింది. రెండు గీతలు వస్తేనే మంచిదట, ఎంత లేతగా ఉన్నా రెండోది ఉండాలట. నాకు రెండోది రాలేదు. అదీ గంజాయికని పెట్టిన గడిలో.

నన్ను చుక్కాని దగ్గర్నించి దింపేశారు, సీసాకి నా ముందే సీలు వేసి, ఆఫీసు పుస్తకంలో దాని అంకె పక్కన నా చేత సంతకం పెట్టించి మీ ఊరికి పంపారు. రేవంతా నవ్వింది. మేస్త్రిని మెట్లెక్కించినవాడు తనే తాగుతున్నాడని. టికెట్ల గుమాస్తా, ఆ తొందరపాటు మనిషి, "మీ అమ్మాయి మిషను మీదే ఆశ" అన్నాడు.

నేను తాగలేదు పిచ్చుకా. నువ్వు మళ్లీ "మీరు" అనకు. ఆ ఒక్కటీ ఓర్చుకోలేను.

నీ బాబాయ్

—

లేబొరేటరీ, రెండో అంతస్తు
మే 10

బాబాయ్,

నువ్వు తాగలేదు. నాకు తెలుసు.

ఇంతకన్నా నేను రాయకూడదు. నీ సీసా గురించి నేను ఎవరినీ ఏమీ అడగను, నువ్వూ నన్ను అడగకు. ఒక్క పని చెయ్యి. నువ్వు వేసుకునే ప్రతి మాత్ర, రోజూదైనా, అప్పుడప్పుడూదైనా, అట్టతో సహా పట్టుకెళ్లి మీ కంపెనీ డాక్టరుకి చూపించు. ఫారంలో ఏం రాశావో కూడా చెప్పు.

నీ పిచ్చుక

—

రేవు దగ్గరి ఇల్లు
మే 15

పిచ్చుకా,

ఫారంలో "మందులు ఏవీ లేవు" అని రాశాను. పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటాను కదా, అది మందని ఎవరనుకుంటారు? మీ పిన్ని అట్ట పట్టుకుని నా ముఖం ముందు ఆడించి, "ఇది చాక్లెట్టా?" అంది. డాక్టరు దగ్గరకి ఆవిడే లాక్కెళ్లింది. ఆయన అట్ట చూసి, "ఊ" అని, రాసుకుని, మిషను చెప్పేదాకా ఏమీ అనలేనన్నాడు.

అయితే ఈ ఉత్తరం దానికోసం కాదు.

నిన్న పొద్దున మేనేజరు కబురంపితే వెళ్లాను. అక్కడ మేస్త్రి కూర్చుని ఉన్నాడు. నన్ను చూడలేదు. మేనేజరు అన్నాడు: "ఈయన మూడు రోజులుగా వస్తున్నాడు. మొదటి రోజు, మీరు తాగరని చెప్పాడు. స్నేహితుడు అలాగే చెబుతాడన్నాను. రెండో రోజు, ఒకే పడవలో పొగ తాగినవాడికి తెలియదా పక్కవాడు తాగుతాడో లేదో అన్నాడు. సాక్ష్యం కాదన్నాను. ఇవాళ వచ్చి వేరే సంగతి చెప్పాడు. జనవరిలో మీరు గంట సరిగ్గానే కొట్టారట. ఇంజను తిప్పడం ఆలస్యం చేసింది తనేనట. నిజమేనా?"

నేను కిటికీలోంచి జెట్టీ వైపు చూశాను.

మేస్త్రి అప్పుడు నావైపు తిరిగాడు. నెలన్నర తర్వాత నాతో మొదటి మాట. "చెప్పు. అబద్ధం ఆడటం నీకు చేతకాదు. నీటివాలు అన్నావట. ఆ రోజు నీళ్లు చెరువులా ఉన్నాయి."

మేనేజరుకి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. నేను నిజమే అన్నాను. మేస్త్రికి తొమ్మిదో నిబంధన కాపుదల ఉంది కాబట్టి ఉద్యోగం పోలేదు, కానీ ఒక ఏడాది పదోన్నతి పోయింది. అది తెలిసే చెప్పాడు. నాకేమో చేయని తప్పు ఒప్పుకున్నందుకు మెమో ఇచ్చారు. ముప్ఫై ఏళ్లలో మొదటి మెమో. మీ పిన్ని దాన్ని నా పుస్తకాల మీద పెట్టి వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది.

బయటికొచ్చాక ఇద్దరం మెట్ల మీద నిలబడ్డాం. "టీ తాగుదామా?" అన్నాను. "నీతో కోపం ఇంకా పోలేదు" అని, నా ముందే నడిచి టీ కొట్టుకి వెళ్లాడు.

బాబాయ్

—

మేడ మీద గది
మే 22

బాబాయ్,

ఇవాళ మధ్యాహ్నం మీ కంపెనీకి ఫలితం వెళ్లింది కాబట్టి ఇప్పుడు రాయొచ్చు. నీకు ఈపాటికి కబురు చేరే ఉంటుంది. ఫలితం వెళ్లాక మేడమే చెప్పారు, పెద్ద మిషను శుభ్రం అంది. గీత కింద కూడా కాదు, అసలు లేదు. చిటికెడు కాదు, రవ్వ కూడా లేదు. ఆ పట్టీని మోసం చేసింది నీ గ్యాస్ మాత్రే. ఆ మాత్రల్లో ఒక రకం అప్పుడప్పుడూ అలా చేస్తుంది. దూరంనుంచి దాని ముఖమూ అలాగే ఉంటుంది పట్టీకి.

ఇప్పుడు నా సంగతి చెబుతాను, నేనూ నీకు ఒకటి చెప్పలేదు. మే ఎనిమిదిన రేవునుంచి పెట్టె వచ్చింది. రెండో పరీక్షకి ఒక్కటే సీసా. నీ ఉత్తరం అప్పటికి రాలేదు, ఎవరిదో తెలియదు. తర్వాతి రోజు ఉత్తరం వచ్చింది, తెలిసింది. ఆ సీసా మేడం గదిలో ఫ్రిజ్‌లో పన్నెండు రోజులు ఉంది, మిషను మరమ్మతులో ఉండటంవల్ల. మా బల్లకీ ఆ ఫ్రిజ్‌కీ మధ్య ఒక గోడ, అద్దం కిటికీ. పన్నెండు రోజులు ఆ కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాను. కుర్చీ ఎందుకు తిప్పుకున్నావని అందరూ అడిగితే వెలుతురు బాగుందన్నాను.

ఇవాళ పొద్దున మేడం వచ్చి నా పక్కన నిలబడ్డారు. సంఖ్య చెప్పలేదు, పేరు చెప్పలేదు. "పన్నెండు రోజులు ఒక్కసారి కూడా అడగలేదు నువ్వు," అన్నారు. "లేదండీ," అన్నాను. "వచ్చే నెలనుంచి పెద్ద మిషను మీద నాతో కూర్చో. నేర్పుతాను." అని వెళ్లిపోయారు. ఆరేళ్లుగా ఆ గదిలోకి వెళ్లాలని చూస్తున్నాను, నీకు తెలుసు.

బాత్రూములోకి వెళ్లి కాసేపు ఏడ్చాను. ఇది పిన్నికి చదవకు.

నీ పిచ్చుక

—

రేవు దగ్గరి ఇల్లు
జూన్ 8

పిచ్చుకా,

చదివాను. ఆవిడా ఏడ్చింది. సంతోషంలో నీకింకో స్వెటరు మొదలుపెట్టింది, మేం చేయగలిగింది ఏమీ లేదు.

నేను చుక్కాని పట్టాను. ఇప్పుడు నాకో కొత్త దిగులు. మేస్త్రి అంకెలు వారం వారం నాకు చెబుతున్నాడు. రెండు వందల పన్నెండు, తర్వాత నూట ముప్ఫై, డెబ్భై ఒకటి. బాగా దిగుతున్నాయి అనుకుంటే ఒక వారం ఎనభై ఎనిమిదికి ఎక్కింది. గీత యాభై. నేను మనసులో అనుకున్నాను, మళ్లీ ముట్టుకున్నాడని. పైకి ఏమీ అనలేదు గాని నా ముఖం చూసి కనిపెట్టేశాడు. "ముట్టుకోలేదు" అన్నాడు. అంతే, టీ సగంలో వదిలేసి లేచిపోయాడు. ముట్టుకోకపోయినా ఎక్కుతుందా? నీకు తెలిస్తే రాయి.

బాబాయ్

—

లేబొరేటరీ, మేడం గది
జూన్ 14

బాబాయ్,

ముట్టుకోకపోయినా ఎక్కుతుంది. ఆ పొద్దున ఆయన నీళ్లు తక్కువ తాగి ఉంటాడు. మూత్రం చిక్కగా ఉంటే అదే కొంచెం పదార్థం పెద్ద అంకెగా కనిపిస్తుంది. అందుకే మేం చిక్కదనం కూడా కొలిచి, దానితో భాగించి చూస్తాం. ఆయన కాగితంలో రెండో వరసలో ఆ అంకె ఉంటుంది, అది చూడమను. అది దిగుతూ ఉంటే ఆయన నిజం చెబుతున్నట్టే. కొవ్వులో ఉన్న పాత పొగ తొందరగా ఖాళీ చేయదు, అద్దెకున్నవాడిలా ఒక్కొక్క సామానే దింపుతుంది.

ఇంక ఒక మాట. కాగితం చూసే ముందే వెళ్లి క్షమించమని అడుగు. చూసిన తర్వాత అడిగితే అది వేరే.

నీ పిచ్చుక

—

రేవు దగ్గరి ఇల్లు
జూలై 27

పిచ్చుకా,

నువ్వు చెప్పినట్టే, కాగితం చూడకముందే వెళ్లాను. గోదాములో పెట్టెలు లెక్కపెడుతున్నాడు. "అనుమానపడ్డాను. తప్పు నాదే," అన్నాను. "ఈసారి నిజంగానే నీదే," అన్నాడు. తర్వాత కాగితం తీసి చూపించాడు. రెండో వరసలో అంకె దిగుతూనే ఉంది. ఆ తర్వాతి వారం నలభై. తర్వాత ఇరవై రెండు. తర్వాత లేదు, లేదు.

నాలుగు వారాలూ మొన్నటితో నిండాయి. ఇవాళ పొద్దున ఏడో నంబరు ఎక్కాడు. నడుంకి బెల్టు కట్టుకున్నాడు, డాక్టరు చెప్పిన వంగుళ్లు జెట్టీ మీదే నలుగురి ముందూ వేశాడు. కొత్త ఇంజను మనిషి కిందనించి తన టిఫిన్ డబ్బా తీసుకుని పైకొచ్చి, ఇద్దరికీ దణ్ణం పెట్టి, మూడో నంబరుకి వెళ్లిపోయాడు. ప్రయాణికులకి బెంగ పట్టుకుంది, "విన్నానండీ" లేదని.

ఇంజను స్టార్టు చేసేముందు మేస్త్రి నన్ను కిందికి పిలిచాడు. ముందే రిహార్సలు చేసుకున్నట్టు చెప్పాడు. "ఇంకెప్పుడైనా నా తప్పు నీ నెత్తి మీద వేసుకుంటే, పడవ మధ్యలో ఉన్నా దిగిపోతాను."

"ఈత రాదు కదా నీకు," అన్నాను.

"అందుకే చెబుతున్నా."

"సరే," అన్నాను. ఇద్దరం ఇంజను వైపు చూస్తూ నిలబడ్డాం. పైన ఎవరో కర్రతో బల్ల మీద కొట్టేదాకా.

పది నిమిషాలు ఆలస్యంగా బయల్దేరాం. తొంభై మంది తిట్టారు. హాయిగా ఉంది.

నీ బాబాయ్